ఫ్రాన్స్‌లో 17 ఎకరాల ద్రాక్షకొండ, ఆవు కొమ్ము ఎరువు: కులే ద సెరాన్ గురించి మాట్లాడుకుందాం

ఆంజే_అనిత

అందరికీ నమస్కారం. మొన్న ప్రకృతి సేద్యం చర్చలో ఒకరు "బయోడైనమిక్ అంటే మన జీవామృతం లాంటిదేనా?" అని అడిగారు. అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను. బయోడైనమిక్ అంటే ఆవు కొమ్ము ఎరువు లాంటి ప్రత్యేక మందులు వాడే ఒక రకం సేంద్రియ సాగు. ఆ పద్ధతిలో నడిచే ఒక ద్రాక్ష తోట కథతో చెబుతాను.

నేనుండేది ఫ్రాన్స్ పడమటి వైపు, ఆంజే ఊళ్లో. ఇక్కడికి నైరుతిగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, లువార్ నది కుడిగట్టున సావెన్యేర్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పక్కన నది వైపు నిటారుగా దిగే వాలు మీద ఉన్న తోటే కులే ద సెరాన్. మొత్తం 7 హెక్టార్లు, మన లెక్కలో 17 ఎకరాల పైచిలుకు. సిస్టర్షియన్ సన్యాసులు 1130 ప్రాంతంలో ఇక్కడ తీగలు నాటారు. అప్పటి నుంచి ఈ వాలు మీద ద్రాక్ష తప్ప వేరే పంట వేయలేదని చెబుతారు. 1214లో ఇంగ్లండ్ రాజు జాన్ ముట్టడించిన రోష్ ఓ మ్వాన్ కోట కూడా ఇక్కడిదే. ఒకే రకం ద్రాక్ష, షెనిన్ బ్లాంక్. నేల పలకరాయి, మధ్యలో తెల్లరాయి (క్వార్ట్జ్) ముక్కలు, పైన మట్టి చాలా పలచన. ఫ్రాన్స్‌లో ఒక్కో ప్రాంతం వైన్‌కి చట్టపరమైన గుర్తింపు ఉంటుంది, మన బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టు. ఈ 7 హెక్టార్లకీ విడిగా అలాంటి గుర్తింపు ఉంది, మొత్తం ఒకే కుటుంబం చేతిలో.

ఆ కుటుంబం జోలీలది. 1960ల మొదట్లో తోట కొన్నారు. కొడుకు నికోలా జోలీ న్యూయార్క్, లండన్‌లలో బ్యాంకు ఉద్యోగం చేసి, అది వదిలేసి 1970ల రెండో సగంలో ఇంటికొచ్చారు. ఆయన చెప్పే కథ ఇది. వ్యవసాయ శాఖ సలహాదారు ఒకరు వచ్చి, దున్నడం మానేసి కలుపు మందు కొడితే ఏడాదికి 14,000 ఫ్రాంకులు మిగులుతాయన్నాడట. కొట్టారు. రెండేళ్లలో నేల రంగు మారింది, ఆరుద్ర పురుగుల్లాంటి ఎర్రటి లేడీబర్డ్‌లు కనబడకుండా పోయాయి, కౌజులు రావడం మానేశాయి. అదే రోజుల్లో ఆయన చేతికి పాత బయోడైనమిక్ పుస్తకం ఒకటి దొరికింది. 1980లో కొంత భాగంలో మొదలుపెట్టి, 1984కల్లా తోటంతా ఆ పద్ధతిలోకి మార్చేశారు. ఇప్పుడు కూతురు వర్జినీ చూసుకుంటున్నారు.

ఇక పద్ధతి. పాలిచ్చే ఆవు పేడని ఆవు కొమ్ములో కూరి, శరదృతువులో భూమిలో పాతి, వసంతంలో తీస్తారు. అప్పటికి పేడ వాసన పోయి, నల్లగా, అడవి మట్టి వాసన వేస్తుంది. దీన్ని 500 నంబరు మందు అంటారు. హెక్టారుకి 100 గ్రాములు, సుమారు 35 లీటర్ల నీళ్లలో. గంటసేపు కర్రతో తిప్పాలి: ఒక వైపు తిప్పి సుడి లేచాక ఒక్కసారిగా రెండో వైపు. సాయంత్రం నేల మీద చల్లుతారు. 501 నంబరు దీనికి ఎదురు. తెల్లరాయి పొడిని కొమ్ములో నింపి వేసవంతా పాతిపెట్టి, తెల్లవారుజామున ఆకుల మీద పొగమంచులా పిచికారీ చేస్తారు. హెక్టారుకి 4 గ్రాములే. ఇవి కాక యారో, చామొమిల్లా, నెటిల్, ఓక్ బెరడు, డాండిలియన్, వలేరియన్‌లతో చేసే ఆరు మూలికా మందుల్ని కంపోస్టు కుప్పలో చేరుస్తారు.

ఇది జీవామృతం కాదు. జీవామృతంలో 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి వేసి 200 లీటర్లలో పులియబెట్టి సూక్ష్మజీవుల్ని పెంచుతాం. కొమ్ము ఎరువులో బెల్లమూ లేదు, పులియబెట్టడమూ లేదు. మోతాదు కూడా చిటికెడే.

కొమ్ము వల్ల పని జరుగుతోందని నేను వాదించబోవడం లేదు. కానీ ఆ వాలు మీద నిలబడి, గుర్రంతో దున్నిన చాలునీ, పక్క కొండ మీద కలుపు మందు కొట్టి గట్టిపడిన నేలనీ కలిపి చూసినవాళ్లు ఈ పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయలేరని మాత్రం గట్టిగా నమ్ముతాను.

పరిగి_ద్రాక్ష

అనితక్కా, చాలా బాగా రాశారు. మాది వికారాబాద్ దిక్కు. మా నాయిన కాలంలో అనాబ్-ఎ-షాహి పందిళ్లు ఉండేవి, ఇప్పుడు ఒక ఎకరంన్నర థామ్సన్ మిగిలింది. రెండు ప్రశ్నలు.

ఒకటి, అక్కడ దిగుబడి ఎంత? ఎకరం లెక్కన చెప్పండి.

రెండు, బూజు తెగులు వస్తే ఏం చేస్తారు? మాకు అక్టోబరు కత్తిరింపు అయ్యాక వానలు పడ్డాయంటే నిద్ర ఉండదు. నాలుగు రోజుల మబ్బు చాలు, గుత్తి గుత్తే పోతది. మందు లేకుండా ద్రాక్ష పండించుడు అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

ఆంజే_అనిత

మందు లేకుండా కాదండీ. ఇది చాలామందికి తెలియని సంగతి, మీరు అడగడం మంచిదైంది.

కులే ద సెరాన్‌లో హెక్టారుకి 20 నుంచి 25 హెక్టోలీటర్ల వైన్ వస్తుంది. ఒక హెక్టోలీటరుకి (100 లీటర్లు) సుమారు 130 కిలోల పండు అనుకుంటే, ఎకరానికి 1.1 నుంచి 1.3 టన్నులు. తోట మొత్తం మీద ఏడాదికి 20,000 సీసాల చిల్లర. మంచు దెబ్బ తగిలిన ఏడాది ఇంకా తక్కువ. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అంతటా చిగుళ్లు మాడిపోయాయి గుర్తుందా, లువార్ లోయ కూడా తప్పించుకోలేదు.

బూజు తెగులుకి మైలుతుత్తం, అంటే రాగి మందు, వాడతారు. గంధకం బూడిద తెగులుకి. సేంద్రియ, బయోడైనమిక్ రెండింటిలోనూ ఇవి అనుమతించినవే. ఐరోపా నియమం ప్రకారం 2019 నుంచి హెక్టారుకి ఏడేళ్లలో 28 కిలోల రాగి మించకూడదు, అంటే ఏడాదికి సగటున 4 కిలోలు. బయోడైనమిక్ సాగుకి ఇచ్చే డిమీటర్ ముద్ర కావాలంటే సగటు 3 కిలోలే. అందుకని రాగి తగ్గించడానికి నెటిల్ కషాయం, హార్స్‌టెయిల్ కషాయం, విల్లో బెరడు కషాయం కలుపుతారు. వానకి ముందు రోజు కొట్టాలి, వాన కడిగేస్తే మళ్లీ కొట్టాలి. కాబట్టి తోటలో మనిషి ఉండాల్సిందే.

బోర్డో మిశ్రమం పుట్టిందే ఈ దేశంలో కదా. బూజు తెగులు అమెరికా తీగలతో పాటు వచ్చి 1878లో ఇక్కడ బయటపడింది. బోర్డో దగ్గర దారి పక్క తీగలకి, దొంగలు పళ్లు కోయకుండా, మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. ఆ తీగలకే తెగులు రాలేదని మిల్లార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు.

పరిగి_ద్రాక్ష

ఎకరానికి టన్నుకి కొద్దిగా పైనా! మా పాత పందిళ్ల మీద 10 టన్నులు దాటితేనే పంట అనేవాళ్లు. తినే పండుకీ వైన్ పండుకీ తేడా ఉంటదని తెలుసు గానీ, ఇంత తేడా అనుకోలేదు.

కె_వి_రావు_గుంటూరు

వ్యవసాయ శాఖలో మొక్కల తెగుళ్ల మీద చాలాకాలం పనిచేశాను, ఆ అనుభవంతో రాస్తున్నాను. అనిత గారు నిజాయితీగా రాశారు, సంతోషం. కానీ యువ రైతులు చదువుతున్న వేదిక కాబట్టి కొన్ని మాటలు స్పష్టంగా ఉండాలి.

మొదటిది రాగి. అది భార లోహం. మట్టిలో విరిగి పోదు, పేరుకుంటూనే ఉంటుంది. వానపాములకీ శిలీంధ్రాలకీ చేటు. బయోడైనమిక్ తోట రాగి వాడుతూ, కొత్త తరం మందు వాడే పొరుగువాణ్ణి విషం చల్లుతున్నాడని అంటే నేను ఒప్పుకోను.

రెండోది, ఈ మందుల వెనక ఉన్న సిద్ధాంతం. బయోడైనమిక్ పద్ధతికి మూలపురుషుడైన రుడాల్ఫ్ స్టైనర్ 1924 జూన్‌లో కోబర్‌విట్జ్ అనే ఊళ్లో (అప్పుడు జర్మనీ, ఇప్పుడు పోలండ్) ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. కొమ్ము విశ్వశక్తుల్ని లోపలికి లాగుతుందన్న మాటకి ఆయన చూపిన ప్రయోగం ఏదీ లేదు, ఆయన అంతర్దృష్టే ఆధారం. ఆయన రైతు కాదు, ద్రాక్ష తోటల కోసం చెప్పినవీ కావు అవి.

మూడోది, పరీక్షలు. కాలిఫోర్నియాలోని మెండొసీనోలో మెర్లో అనే రకం ద్రాక్ష తోటని రెండుగా విడదీసి, రెండింటినీ సేంద్రియంగానే పెంచి, ఒక దానికి మాత్రమే ఈ మందులు వాడారు. ఫలితాలు 2005లో వచ్చాయి. మట్టిలో తేడా కనబడలేదు. ఒక్క ఏడాది పండులో చక్కెర, ఫినాల్స్ (రంగు, వగరు ఇచ్చే పదార్థాలు) స్వల్పంగా ఎక్కువ, అంతే. జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో 2006 నుంచి రీస్లింగ్ తీగల మీద మూడు పద్ధతుల్ని పోలుస్తున్నారు. మామూలు సాగుకీ మిగతా రెండింటికీ తేడా ఉంది, దిగుబడి తగ్గింది, తీగ జోరు తగ్గింది. కానీ సేంద్రియానికీ బయోడైనమిక్‌కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా తక్కువ.

అంటే పనిచేస్తున్నది కంపోస్టు, దున్నకం, పచ్చిరొట్ట, తక్కువ దిగుబడి. కొమ్ము కాదు.

ఆంజే_అనిత

రావు గారూ, రాగి గురించి మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. ఇక్కడి సాగుదారుల్లో బుద్ధిమంతులు కూడా అదే చెబుతారు. సేంద్రియ వైన్‌కి మెడలో బండరాయి అదే.

కొమ్ము దగ్గర మాత్రం ఒక మాట. హెక్టారుకి 100 గ్రాములు ఎరువుగా పనిచేస్తుందని వాళ్లూ అనరు. స్విట్జర్లాండ్‌లో బాజెల్ దగ్గర 1978 నుంచి ఒక సుదీర్ఘ పరీక్ష నడుస్తోంది, ద్రాక్ష కాదు, గోధుమ, బంగాళాదుంప లాంటి పంటలు. 21 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. మామూలు సాగుతో పోలిస్తే సేంద్రియ, బయోడైనమిక్ మళ్లలో దిగుబడి 20 శాతం తగ్గింది, కానీ ఎరువూ ఇంధనమూ 34 నుంచి 53 శాతం తగ్గాయి, పురుగుమందులు 97 శాతం తగ్గాయి. మట్టిలో సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నది బయోడైనమిక్ మళ్లలోనే. మీరు "అది కంపోస్టు గొప్ప" అంటారని తెలుసు, బహుశా అంతే కూడా. కానీ ఆ కంపోస్టు అంత శ్రద్ధగా చేయించింది ఎవరు? ఆవులు పెంచాలి, పేడ బయట నుంచి కొనకూడదు, పొలం తన కాళ్ల మీద తాను నిలబడాలి అన్నది ఆ ఉపన్యాసాల్లో నడుమ ఉన్న ఆలోచన. జోలీలు ద్రాక్ష తోటలో స్థానిక ఆవుల్నీ గొర్రెల్నీ పెంచుతున్నది అందుకే. చలికాలంలో గొర్రెలు తీగల మధ్య గడ్డి మేస్తాయి.

విశ్వశక్తుల మాట తీసి పక్కన పెట్టండి. గంటసేపు చేత్తో నీళ్లు తిప్పేవాడు ఆ రోజు తోటలోకి వస్తాడు. వచ్చినవాడికి ఆకు మీద నూనె మచ్చ, అంటే బూజు తెగులు తొలి గుర్తు, కనబడుతుంది. రావు గారూ, ఈ లాభాన్ని ఏ పరీక్షలో కొలుస్తారు?

కె_వి_రావు_గుంటూరు

కొలవవచ్చు. రెండు వైపులా ఒకే సంఖ్యలో తోటలోకి వెళ్లేట్టు నియమం పెడితే సరి. మెండొసీనోలో జరిగింది దాదాపు అదే. శ్రద్ధ గొప్పదని నేనూ అంటాను. అయితే శ్రద్ధకి కొమ్ముతో పని లేదు.

డల్లాస్_మూర్తి

చర్చ చాలా బాగుంది. నేను సాగుదారుణ్ణి కాదు, తాగేవాణ్ణి. ఇక్కడ మా వైన్ క్లబ్బులో ఒకాయన క్యాలెండర్ చూసి గాని సీసా తీయడు. "ఈ రోజు ఫల దినం, రుచి విచ్చుకుంటుంది. మూల దినం అయితే మూసుకుపోతుంది" అంటాడు. ఇది స్టైనర్ చెప్పిందేనా?

బోన్_చదువు

కాదండీ. బర్గండీలో బోన్ దగ్గర వైన్ తయారీ చదివాను, కాబట్టి ఇది నాకు బాగా పరిచయం. ఆ క్యాలెండర్ జర్మనీకి చెందిన మరియా థున్ 1960లలో మొదలుపెట్టింది. ముల్లంగి విత్తనాలు రోజుకి కొన్ని చొప్పున వేసి గమనించి, చంద్రుడు ఏ రాశిలో ఉంటే మొక్కలో ఏ భాగానికి మేలు అని పట్టిక కట్టింది. మేషం, సింహం, ధనుస్సు అగ్ని రాశులు కాబట్టి పండుకి. వృషభం, కన్య, మకరం వేరుకి, మీ ఆయన చెప్పే మూల దినం అదే. మిథునం, తుల, కుంభం పువ్వుకి. కర్కాటకం, వృశ్చికం, మీనం ఆకుకి. సాగు పనుల కోసం చేసిన పట్టిక అది. సీసా ఎప్పుడు తీయాలన్నది తర్వాత వచ్చింది.

దాన్నీ పరీక్షించారు. న్యూజిలాండ్‌లో 19 మంది వైన్ నిపుణులకి 12 పినో న్వార్ వైన్‌లు ఫల దినాన ఒకసారి, మూల దినాన ఒకసారి, పేరు చెప్పకుండా ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది. రోజుని బట్టి రుచి మారలేదు.

తెనాలి_సుబ్బలక్ష్మి

ఇది చదివితే మా తాతగారి పంచాంగం గుర్తొస్తోంది. థున్ క్యాలెండర్‌లో చంద్రుడు ఆకాశంలో నిజంగా కనబడే నక్షత్ర మండలాల ప్రకారమా, లేక పాశ్చాత్య జ్యోతిష్యంలో లాగానా?

బోన్_చదువు

మంచి ప్రశ్న అమ్మా. నిజంగా కనబడే నక్షత్ర మండలాల ప్రకారమే. అందుకే పత్రికల్లో వచ్చే పాశ్చాత్య రాశి ఫలాలతో అది కలవదు, మన నిరయన పద్ధతికే దగ్గర. చంద్రుడు చుట్టి రావడానికి పట్టే 27 రోజుల చిల్లరే మన 27 నక్షత్రాలు. కాకపోతే రాశులన్నీ సమానంగా 30 డిగ్రీలు అని థున్ అనుకోలేదు. కన్య పెద్దది, కర్కాటకం చిన్నది, దాన్ని బట్టి రోజులు.

అనిత గారు లువార్ గురించి రాశారు కాబట్టి, బర్గండీ వైపు నుంచి ఒకటి చెప్పాలి. ఇది తెలియకుండా బయోడైనమిక్ గురించి మాట్లాడుకోకూడదు.

ఎమ్మానుయేల్ జిబూలో. బోన్‌లో సుమారు 10 హెక్టార్ల సాగుదారుడు. తండ్రి కాలం నుంచే, 1970ల నుంచే, సేంద్రియం. 2013లో కోట్-దోర్ జిల్లా ప్రిఫెక్ట్, అంటే మన కలెక్టర్ లాంటి అధికారి, జిల్లాలో ప్రతి ద్రాక్ష తోటలోనూ పురుగుమందు కొట్టి తీరాలని ఉత్తర్వు ఇచ్చాడు. కారణం ఫ్లావెసాన్స్ డోరే అనే తెగులు. ఆకులు పసుపెక్కి, గుత్తులు ఎండి, తీగ చస్తుంది. దీన్ని మోసేది ఒక దీపపు పురుగు. జిబూలో కొట్టనన్నాడు. సేంద్రియంలో అనుమతి ఉన్న పైరెత్రిన్ అనే మొక్కల మందు కూడా వద్దన్నాడు, అది తేనెటీగనీ మిత్ర పురుగునీ కూడా చంపుతుందని. తన చుట్టుపక్కల తెగులే లేదన్నాడు.

కేసు పెట్టారు. ఆరు నెలల జైలు, 30,000 యూరోల జరిమానా దాకా పడే నేరం. లక్షల మంది ఆయన వైపు సంతకాలు పెట్టారు. 2014 ఏప్రిల్‌లో డిజాన్ కోర్టు 1,000 యూరోల జరిమానా వేసి, అందులో సగం మినహాయించింది. ఆయన ఆ 500 కట్టి ఊరుకోలేదు, అప్పీలుకి వెళ్లాడు. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. ప్రిఫెక్ట్ ఉత్తర్వే చట్టప్రకారం సరిగా లేదని తేల్చింది.

నేను చదువుకున్న ఊళ్లో ఈ పేరు ఎత్తితే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు రెండుగా చీలిపోయేవాళ్లు. నా మటుకు ఆయన ధైర్యానికి దణ్ణం పెడతాను. తెగులు లేని చోట ముందుజాగ్రత్త పేరుతో జిల్లా అంతా విషం కొట్టించడం తప్పే.

కె_వి_రావు_గుంటూరు

బోన్ గారూ, ఇక్కడ రెండో వైపు కూడా ఉండాలి. ఆ తెగులుకి మందు లేదు. ఫైటోప్లాస్మా, అంటే మొక్క లోపల బతికే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి. సోకిన మొక్కని పీకి కాల్చాల్సిందే. దీపపు పురుగు గట్టు చూసుకుని ఆగదు. ఆ పురుగే ఉత్తర అమెరికా నుంచి వచ్చింది, తెగులు ఫ్రాన్స్‌లో 1950ల నుంచి తోటల్ని తుడిచిపెడుతోంది. ఒకాయన తోటలో పురుగు పెరిగితే పోయేది పక్కాయన తోట. మా రోజుల్లో మిరపలో వైరస్ సోకిన మొక్కలు పీకమంటే పీకని ఒక్క రైతు వల్ల ఊరంతా నష్టపోవడం చూశాను. పక్కవాడి పొలానికి వచ్చే ప్రమాదానికి ఎవరి మనస్సాక్షి పూచీ?

బోన్_చదువు

సార్, ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఇప్పుడు బర్గండీలో ఊరూరా సాగుదారులు గుంపులుగా సెప్టెంబరులో వరుసలన్నీ తిరిగి, అనుమానం ఉన్న తీగకి గుర్తు కట్టి, పరీక్షకి పంపుతారు. తెగులున్న చోటే పురుగుమందు, లేని చోట తగ్గింపు. ఈ పద్ధతి బలపడటంలో ఆ గొడవ పాత్ర ఉందని నా నమ్మకం. ఆ తిరుగుడులో బయోడైనమిక్ వాళ్లూ ఉంటారు, మందు వాడేవాళ్లూ ఉంటారు.

మోడరేటర్

చర్చ చక్కగా సాగుతోంది. ఆవు కొమ్ముల మీద మతపరమైన వాదన మొదలుపెట్టిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి సాగు మీదే ఉండండి.

పాడేరు_కాఫీ

మన దగ్గర ఈ పద్ధతి లేదనుకోవద్దు. అరకు లోయలో గిరిజన రైతుల కాఫీ తోటల్లో నాంది ఫౌండేషన్ వాళ్లు బయోడైనమిక్ కంపోస్టే చేయిస్తున్నారు. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం కూడా తెరిచారు. కంపోస్టు కుప్ప ఎత్తు, తేమ, ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు కప్పాలి అన్నది మా వాళ్లు నేర్చుకున్న తీరు చూశాను. అంతకు ముందు కాఫీ పండు తొక్కంతా వాగులోకి పోయేది. ఇప్పుడు అదే కుప్పలోకి వెళ్తోంది. కొమ్ము మందు సంగతి నేను చెప్పలేను గానీ, తొక్క వాగులోకి పోకుండా ఆగడం మాత్రం కళ్లెదుట కనబడే మంచి.

పరిగి_ద్రాక్ష

అన్నీ చదివిన. నాకు అసలు సందేహం డబ్బు దగ్గరే. ఎకరానికి టన్ను పండించి, గుర్రంతో దున్ని, ఎట్లా బతుకుతున్నారు? మా దగ్గర కూలీ దొరకకే పందిళ్లు పీకేసి ప్లాట్లు చేసిన్రు.

ఆంజే_అనిత

మీరు పట్టుకున్నదే అసలు ముడి.

వాళ్లు పండు అమ్మరు, సీసా అమ్ముతారు. అదీ మామూలు సావెన్యేర్ వైన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ ధరకి. ఆ ధర జోలీ పుట్టించింది కాదు. కుర్నాన్‌స్కీ అనే ఫ్రెంచ్ భోజన రచయిత ఫ్రాన్స్‌లోని అయిదు గొప్ప తెల్ల వైన్‌లలో దీన్ని ఒకటిగా ఎంచాడు, బయోడైనమిక్ రాకముందే. పేరు ముందే ఉంది. ఆ పేరు ఇచ్చిన ధైర్యంతో ఆయన 1980లో ప్రయోగం చేయగలిగారు. పేరు లేని ఊళ్లో, అప్పుతో నడిచే తోటలో అదే పని చేస్తే మొదటి బూజు ఏడాదికే మూతబడుతుంది.

పేరున్న పెద్ద తోటలకే తేలిక కాదు. బోర్డోలో పాంటె-కానె అనే 80 హెక్టార్ల పైబడిన ఎస్టేట్ 2004లో బయోడైనమిక్ మొదలుపెట్టింది. 2007లో బూజు విరుచుకుపడితే భయపడి రసాయన మందు కొట్టింది, బయోడైనమిక్ గుర్తింపు పోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి 2010కి తెచ్చుకున్నారు. 2018లో మళ్లీ బూజు వచ్చింది. ఈసారి రసాయనం కొట్టలేదు, పంటలో సుమారు మూడింట రెండు వంతులు పోగొట్టుకున్నారు. అంత నష్టం భరించే శక్తి ఎందరికి ఉంటుంది?

అందుకే ఈ పద్ధతిని "అందరూ చేయండి" అని చెప్పేవాళ్ల మీద నాకు కోపం. పెద్ద ధర వచ్చే చోట భూమిని బాగు చేసుకోవడం బాధ్యత. చిన్న ధర వచ్చే చోట రైతుని ఆ బాధ్యతతో బెదిరించకూడదు.

ఇంకొకటీ ఉంది. వేరే ప్రాంతంలో ఒక తోటకి వెళ్లాను, పేరు అనవసరం. గేటు దగ్గర కొమ్ములు వేలాడదీశారు, గోడ మీద చంద్రుడి పటం. తోటలోకి నడిస్తే నేల కాలి కింద చప్పుడు చేసేంత గట్టిగా ఉంది, ఆవు ఒక్కటీ లేదు. కొమ్ము ఎరువు డబ్బాల్లో కొంటారట. సేద్యం లేని చోట ముద్ర ఒక్కటే మిగిలితే, రావు గారి విమర్శ అంతా వాళ్లకి అక్షరాలా వర్తిస్తుంది.

డల్లాస్_మూర్తి

అనిత గారూ, ఇంత చదివాక ఒక సీసా తెప్పిస్తున్నాను. ఎలా తీయాలి? ఆక్సీకరణ చెందినట్టు ఉంటుందని కొందరు విమర్శకులు రాస్తారు, గొప్పదని కొందరు. ఇంత తేడా ఎందుకు?

ఆంజే_అనిత

పండు బాగా పండాక, విడతలుగా, కొంత బోట్రిటిస్ (పండుని వడలబెట్టి తీపి పెంచే శిలీంధ్రం) పట్టిన గుత్తులతో సహా కోస్తారు. బయటి ఈస్టు కలపరు, కొత్త ఓక్ పీపాలు దాదాపు వాడరు. అందువల్ల పచ్చి నిమ్మ రుచి ఉండదు. తేనె, క్విన్స్ పండు, తడి రాయి, కొంచెం చేదు. ఆల్కహాలు ఎక్కువే, కొన్ని ఏడాదులు 15 శాతం దగ్గరికి వెళ్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే ఏమీ తెలియదు. ఒక రోజు ముందే కార్క్ తీయమని తోట వాళ్లే చెబుతారు. 14 డిగ్రీల దగ్గర తాగండి. మూడో రోజు కూడా కొంచెం మిగల్చండి, చాలామందికి అప్పుడే నచ్చుతుంది. సీసాకీ సీసాకీ తేడా ఉంటుందన్న విమర్శ నిజమే. అది ఇష్టం లేనివాళ్లు ఆ డబ్బుకి వేరేది కొనుక్కోవడం మేలు.

పరిగి_ద్రాక్ష

రావు సార్, నాకు ఒక ఆలోచన వచ్చింది. మా తోటలో అర ఎకరంలో ఈ కొమ్ము ఎరువు వేసి చూద్దామనుకుంటున్న. తమిళనాడు నుంచి తెప్పించుకోవచ్చట. మిగతా మందులు ఆపను. తప్పా?

కె_వి_రావు_గుంటూరు

తప్పేమీ లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు. కానీ సరిగ్గా చేయండి. అర ఎకరం ఒక పక్క, మిగతాది ఒక పక్క అని విడదీయవద్దు. నీరు, ఎండ, మట్టి తేడాలు కలిసిపోతాయి. పందిరి వరుసల్ని జంటలుగా తీసుకుని, ప్రతి జంటలో ఏ వరుసకి కొమ్ము ఎరువు వేయాలో చీటీ తీసి నిర్ణయించండి. మధ్యలో ఒక వరుస ఖాళీగా వదలండి. రెండో వరుసకి ఉత్త నీళ్లు, అదే గంట తిప్పి, అదే సాయంత్రం చల్లండి. కంపోస్టు, తుంపర, కత్తిరింపు, తెగులు మందులు రెండింటికీ ఒకటే. ఏ వరుస ఏదో తెలియని మనిషితో ఆకులు లెక్కపెట్టించండి. వరుసకి వంద ఆకులు, ఎన్నింటి అడుగున బూజు ఉంది అన్నది.

ఆంజే_అనిత

హెక్టారుకి 100 గ్రాముల లెక్కన ఎకరానికి 40 గ్రాములు, 14 లీటర్ల నీళ్లు. మీ వరుసల విస్తీర్ణం బట్టి తగ్గించుకోండి. క్లోరిన్ లేని నీళ్లు, కొంచెం గోరువెచ్చగా. తిప్పిన గంట, రెండు గంటల్లోపు చల్లేయాలి. వానపాముల్ని కూడా లెక్కపెట్టండి, ఒక అడుగు చదరపు గుంట తవ్వి, తేమ ఉన్న రోజున.

పరిగి_ద్రాక్ష

మా చెల్లె బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతోంది, ఆకుల లెక్క ఆమెకి అప్పజెప్త. ఏ వరుస ఏదో చెప్పను. అక్టోబరు కత్తిరింపు అయిన వారం మొదలుపెడత. వరుసల పటం గీసి ముందే ఇక్కడ పెడత సార్, తప్పులుంటే అప్పుడే చెప్పండి.

కె_వి_రావు_గుంటూరు

పెట్టండి, చూస్తాను. నీటి వాలు ఎటుందో పటంలో తప్పకుండా గుర్తుపెట్టండి.